తొర్ర దాటని సన్యాసి పురుగు

పురుగు పేరెత్తగానే "అబ్బే!" అని మొహం చిట్లించుకునే వాళ్ళమే మనలో ఎక్కువ. బియ్యంలో పురుగు, కందిపప్పులో పురుగు, కోసిన వంకాయలో పురుగు... రోజూ వంటింట్లో వీటితో వేగలేక చస్తుంటే పత్రిక తిరగేసినా పురుగు గోలేనా అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఈ పురుగు మీ వంటింటి వైపు కన్నెత్తి కూడా చూడదు. అది ఉండేది యూరప్‌లో. అక్కడ కూడా పుట్టిన చెట్టు తొర్ర దాటి బయటకి రావడానికే ఇష్టపడదు. దాని ఒంటి నుంచి బాగా మగ్గిన పండు వాసన వస్తుంది. ఫ్రాన్సులో ఓ పెద్ద రహదారి పనుల్ని ఏళ్ళ తరబడి ఆపించింది. జర్మనీలో రైల్వే వాళ్ళకి తలనొప్పి తెచ్చిపెట్టింది. ఇంత హడావుడి చేసిన ఆ పురుగు ఇవాళ ఉండడానికి ఇల్లు లేక నానా అవస్థా పడుతోంది.

పేరులోనే సన్యాసం

దీని శాస్త్రీయ నామం ఆస్మోడెర్మా ఎరెమిటా. ఎరెమిటా అంటే జనానికి దూరంగా ఏకాంతంలో ఉండే సన్యాసి. 1763లో స్కోపోలీ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణిస్తూ ఆ మాట వాడాడు. చెట్టు తొర్రలో మునిలా మూలన కూర్చునే పురుగుకి ఇంతకంటే తగిన పేరేముంటుంది చెప్పండి! ఇక ఆస్మోడెర్మా అంటే వాసన గల చర్మం అని అర్థం. ఆ వాసన సంగతి తరవాత చెప్పుకుందాం.

చూడ్డానికి అంగుళం పైచిలుకు పొడుగు, ముదురు గోధుమ రంగు మీద కంచు మెరుపు, గట్టి పెంకు రెక్కలు. మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో మొవ్వు తొలిచేసే కొమ్ము పురుగు ఉంది చూశారూ, అది దీనికి చుట్టమే. పెంటకుప్ప తవ్వుతుంటే తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పడుకున్న పిల్లపురుగులు కనిపిస్తాయే, సన్యాసి పురుగు పిల్లలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన గుణం ఒకటే అవుతుందా? కొమ్ము పురుగు పచ్చని చెట్టుని చంపుతుంది. సన్యాసి పురుగు పచ్చని చెట్టు జోలికే పోదు. చెట్టు లోపల ఎప్పుడో చచ్చి చివికిపోయిన చెక్కని మాత్రమే తింటుంది. దాని వల్ల చెట్టు ప్రాణానికి వచ్చే ముప్పేమీ లేదు.

తల్లి పురుగు తొర్రలో కొన్ని పదుల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు రెండు మూడేళ్ళ పాటు ఆ చీకట్లోనే ఉండి, చివికిన చెక్క తింటూ పెరుగుతుంది. ఎదిగాక ఒక శరదృతువులో తన చుట్టూ గట్టి గూడు కట్టుకుని, చలికాలమంతా అందులోనే గడిపి, ఎండాకాలంలో రెక్కల పురుగై బయటపడుతుంది. ఇంత తపస్సు చేసి సంపాదించుకున్న రెక్కల జీవితం ఎన్నాళ్ళనుకున్నారు? కొన్ని వారాలు! ఆ కాస్త కాలంలోనే జతకట్టాలి, గుడ్లు పెట్టాలి, వెళ్ళిపోవాలి.

ఇల్లు కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ పురుగు ఇల్లు కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలిస్తే మన కష్టాలు ఏపాటివి అనిపిస్తుంది.

దీనికి కావలసింది బతికున్న ముసలి చెట్టు. ఓక్, లిండెన్, విల్లో, చెస్ట్‌నట్, లేదా పాత తోటల్లోని ఆపిల్, చెర్రీ లాంటివి. ఏదైనా ఫరవాలేదు, కానీ లోపల పెద్ద తొర్ర ఉండాలి. ఎప్పుడో ఒక కొమ్మ విరుగుతుంది. ఆ గాయంలోంచి తడి, బూజు లోపలికి చేరతాయి. చెట్టు నడిమి చెక్క నెమ్మదిగా మెత్తబడుతుంది. రకరకాల పురుగులు దాన్ని తింటాయి, పక్షులు గూళ్ళు పెడతాయి, గబ్బిలాలు రెట్ట వేస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ తొర్ర అడుగున మెత్తని గోధుమ రంగు పొడి పేరుకుంటుంది. చేత్తో పట్టుకుంటే బాగా మాగిన పశువుల ఎరువులా ఉంటుంది. ముసలి చెట్టు తొర్రలో అలాంటి పొడి బస్తాల కొద్దీ ఉంటుంది. సన్యాసి పురుగుకి అదే పరుపు, అదే భోజనం.

ఇదంతా ఎంతకాలానికి జరుగుతుంది? స్వీడన్ శాస్త్రవేత్తలు ఓక్ చెట్ల వయసు లెక్కగట్టి చూశారు. 100 ఏళ్ళ లోపు చెట్లలో తొర్ర ఉన్నది నూటికి ఒకటి కూడా లేదు. 200 నుంచి 300 ఏళ్ళ వయసు చెట్లలో సగానికి తొర్రలున్నాయి. 400 ఏళ్ళు దాటినవాటిలో అన్నిటికీ ఉన్నాయి. అంటే ఇవాళ ఒక ఓక్ మొక్క నాటితే, దాని తొర్రలో సన్యాసి పురుగు కాపురం పెట్టేసరికి మన మునిమనవలకు మునిమనవలు కూడా దాటిపోతారన్నమాట!

తొర్ర పడిన చెట్టుని చూసి "ఇంకేముంది, చచ్చిపోయింది" అనుకుంటాం కదా. అది పొరపాటు. చెట్టు ప్రాణమంతా బెరడు కిందున్న పైపొరల్లో ఉంటుంది. నడిమి చెక్క ఖాళీ అయినా పైన చిగుళ్ళు వేస్తూ వందేళ్ళు హాయిగా బతకగలదు. మన ఊళ్ళలో చింతచెట్లు చూడలేదూ? లోపల పిల్లలు దాక్కునేంత తొర్ర ఉన్నా ఏటేటా కాయ కాస్తూనే ఉంటాయి.

పీచ్ పండు వాసన, ఆముదపు గింజ

ఇప్పుడు వాసన సంగతికొద్దాం. వేసవి మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు మగపురుగు తొర్ర ముఖద్వారం దగ్గర కూర్చుని వాసన వదులుతుంది. ముక్కు కాస్త చురుకైన వాళ్ళకయితే కొన్ని గజాల దూరం నుంచే తెలుస్తుందిట. ఫ్రెంచి వాళ్ళు ఈ పురుగుని 'పీక్ ప్రూన్' అంటారు. వాళ్ళ భాషలో ప్రూన్ అంటే ప్లమ్ పండు. జర్మన్లు 'యుఖ్టెన్ కేఫర్' అంటారు. యుఖ్టెన్ అనేది ఒక రకం సువాసన గల తోలు. ఒకరికి పండు వాసన, ఇంకొకరికి తోలు వాసన!

ఈ వాసన ఏమిటో 2003లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అది గామా డెకాలాక్టోన్ అనే పదార్థం. పీచ్ పండుకి ఆ కమ్మని వాసన ఇచ్చే వాటిలో ముఖ్యమైనది కూడా ఇదే. పీచ్ రుచి ఐస్‌క్రీముల్లోనూ, తియ్యటి పానీయాల్లోనూ కలిపే ఎసెన్సుల్లో దీన్ని వాడతారు. మరి ఫ్యాక్టరీల్లో దీన్ని దేనితో తయారు చేస్తారనుకున్నారు? మన ఆముదంతో! ఆముదాన్ని ఒక రకం ఈస్టుతో పులియబెడితే ఈ పండు వాసన పుడుతుంది. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే. అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. మన పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లోనూ ఆముదం ఎన్నో ఏళ్ళుగా పండుతోంది. చిన్నప్పుడు ముక్కు మూసుకుని మింగిన ఆముదానికీ, యూరప్ అడవిలో మగపురుగు పంపే ప్రేమలేఖకీ ఇలాంటి సంబంధం ఉందని ఎవరనుకుంటారు?

మగపురుగు ఆ వాసన వదిలేది ఆడపురుగు కోసం. కానీ పిలవని పేరంటానికి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. మరో జాతి ఎర్రటి పెంకు పురుగు ఇదే వాసన పట్టుకుని తొర్రకొస్తుంది. దాని పిల్లలు సన్యాసి పురుగు పిల్లల్ని తిని బతుకుతాయి. శాస్త్రవేత్తలూ ఈ కిటుకు నేర్చుకున్నారు. వాసన చుక్కలతో ఎర పెట్టి, తొర్రలు తవ్వి పాడుచేయకుండానే ఎక్కడ ఎన్ని పురుగులున్నాయో లెక్కేస్తున్నారు.

గడప దాటితే గండం

రెక్కలున్నాయి కదా, ఈ చెట్టు కొట్టేస్తే ఇంకో చెట్టుకి ఎగిరిపోవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

1990ల చివర్లో స్వీడన్‌లో ఈ పురుగుల్ని పట్టి, గుర్తులు పెట్టి వదిలి, మళ్ళీ పట్టి చూశారు. నూటికి 15 మాత్రమే పుట్టిన చెట్టు వదిలి ఇంకో చెట్టుకి వెళ్ళాయి. అవి కూడా వెళ్ళింది 200 మీటర్ల లోపే. వేడి దేశాల్లో ఇంకాస్త దూరం ఎగురుతాయి గానీ, మొత్తం మీద ఇది ఇల్లు కదలని జాతి. ఒక్కో చెట్టులో ఏడాదికి సగటున పైకొచ్చే పెద్ద పురుగులు పదకొండు మాత్రమేనని అక్కడి లెక్క. వాటిలో నూటికి 15 అంటే చెట్టుకి ఒకటో రెండో అన్నమాట.

ఇది సోమరితనం కాదు. ఒక తొర్ర దశాబ్దాల పాటు నిలుస్తుంది. తాతల నాటి ఇల్లు చెక్కుచెదరకుండా ఉండగా తెలియని ఊరికి ఎవరు పోతారు? వేల ఏళ్ళ పాటు అడవి నిండా ముసలి చెట్లున్నప్పుడు ఈ స్వభావమే దానికి మేలు చేసింది. ఇప్పుడు అదే ప్రాణం మీదికొచ్చింది. పక్క తొర్ర రెండు కిలోమీటర్ల అవతల ఉంటే దీనికి అది వేరే దేశం కిందే లెక్క. నాలుగైదు ముసలి చెట్లు మాత్రమే మిగిలిన చోట, అవి ఒక్కొక్కటే పడిపోతూంటే వాటితో పాటే ఈ పురుగు కూడా అంతరిస్తుంది.

చెట్లు ఏమైపోయాయి?

ఒకప్పుడు స్వీడన్‌లో రైతు పొలంలో మొలిచిన ఓక్ చెట్టు కూడా రాజుగారిదే. యుద్ధనౌకలకి కలప కావాలి కాబట్టి దాన్ని ముట్టుకోడానికి వీల్లేదు. పంటకి నీడ, రైతుకి పనికిరాని భారం. దాంతో జనానికి ఓక్ అంటేనే కడుపుమంట. 1830లో ఆ కట్టు సడలగానే గొడ్డళ్ళు లేచాయి. వందల ఏళ్ళ వయసు చెట్లు కొద్ది దశాబ్దాల్లో నేలకూలాయి.

ఫ్రాన్సు కథ వేరు. అక్కడి పల్లెల్లో పొలం గట్ల మీద చెట్ల దడులుండేవి. వంటచెరుకు కోసం, పశువుల మేత కోసం రైతు కుటుంబాలు కొన్నేళ్ళకోసారి ఆ చెట్లని మొదలంటా కొట్టకుండా తల మాత్రం నరికేవి. మళ్ళీ కొమ్మలొచ్చేవి, మళ్ళీ నరికేవి. అలా నరికిన చోటల్లా గాయాలై చెట్లకి తొందరగా తొర్రలు పడేవి. అంటే పొయ్యిలో కట్టె కోసం ఇల్లాళ్ళు పడిన తాపత్రయమే ఈ పురుగులకి ఇళ్ళు కట్టిపెట్టిందన్నమాట! గ్యాసు, కరెంటు వచ్చాక ఆ కట్టెతో పని లేకపోయింది. ట్రాక్టర్లు తిరగడానికి చిన్న కమతాలన్నీ కలిపి పెద్ద మళ్ళు చేశారు. గట్ల మీద చెట్లు పోయాయి.

ఊళ్ళలో, పార్కుల్లో మరో భయం. "ముసలి చెట్టు, కొమ్మ విరిగి ఎవరి నెత్తినైనా పడితే?" అని ముందుజాగ్రత్తగా కొట్టేస్తారు. ఆ భయం కొట్టిపారేయాల్సింది కాదు. కానీ చాలాసార్లు బరువైన కొమ్మలు తగ్గించి, మొదలు ఉంచినా సరిపోతుంది.

ఇంకో ముప్పు చూడ్డానికి ముప్పులా ఉండదు. పశువుల మేపు ఆగిపోయిన చోట కుర్ర చెట్లు ఒత్తుగా పెరిగి ముసలి చెట్ల చుట్టూ మూగుతాయి. పచ్చగా బాగుంది కదా అనిపిస్తుంది. కానీ సన్యాసి పురుగుకి ఎండ తగిలే వెచ్చని మొదళ్ళు కావాలి. నీడ కమ్ముకుంటే తొర్ర చల్లబడుతుంది, ముసలి చెట్టుకి వెలుగు అందక అదీ త్వరగా చచ్చిపోతుంది. ఆవులూ గొర్రెలూ మేసే చెట్ల బీళ్ళే దీనికి అనువైన చోట్లు.

పురుగు కోసం రోడ్డు ఆపుతారా?

1992లో యూరప్ దేశాలు కలిసి చేసుకున్న వన్యప్రాణుల, వాటి నివాసాల రక్షణ చట్టంలో ఈ పురుగుకి పెద్ద పీట వేశారు. దీని ఇంటికి నష్టం కలిగే పని ఏదైనా చేయాలంటే వేరే దారి లేదని నిరూపించాలి. ఆ చట్టం ఊరికే కాగితాల మీద ఉండిపోలేదు.

ఫ్రాన్సులో ల మాన్స్ నుంచి తూర్ నగరానికి ఎ-28 అనే రహదారి వేస్తుండగా దారిలోని పాత చెస్ట్‌నట్, ఓక్ చెట్లలో ఈ పురుగులు బయటపడ్డాయి. అంతే, పనులు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. చుట్టుపక్కల ఎక్కడెక్కడ పురుగులున్నాయో శాస్త్రవేత్తలు చెట్టు చెట్టూ వెతికారు. చివరికి 2005 డిసెంబరులో గానీ రహదారి పూర్తికాలేదు. అప్పట్లో దేశమంతా దీని మీదే చర్చ. "మనుషులు ముఖ్యమా, పురుగు ముఖ్యమా?" అని కొందరు. "పురుగు చూపించింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ గట్ల మీద ఎన్ని ముసలి చెట్లున్నాయో ఎవరైనా లెక్కపెట్టేవాళ్ళా?" అని మరికొందరు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రైల్వే స్టేషన్‌ని భూగర్భంలోకి మార్చే పెద్ద పథకం వచ్చింది. అందుకోసం ఊరి నడుమ పార్కులోని పాత చెట్లు కొట్టాలి. 2010 సెప్టెంబరు 30న చెట్లకి అడ్డంగా నిలబడ్డ జనం మీద పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రే కొన్ని చెట్లు నేలకూలాయి. జనం కోపానికి ఖర్చు, రాజకీయం, పార్కు మీద మమకారం లాంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ చట్టం ముందు నిలబడిన వాటిలో ఈ అంగుళం పురుగు కూడా ఒకటి. దాని మూలంగా ఆ తరవాత పక్కనున్న రోజెన్‌స్టైన్ పార్కులోనూ పనులు ఆలస్యమయ్యాయి.

నిజానికి పురుగుకి రోడ్డు మీద కోపమూ లేదు, రైలు మీద పగా లేదు. రోడ్డు పది గజాలు పక్కకి జరగగలదు. రెండు వందల ఏళ్ళ చెట్టు జరగలేదు. "ఒకటి కొడితే పది నాటుతాం" అనే మాట మనం ఎక్కడైనా వింటూనే ఉంటాం. నాటిన పదీ బతికినా, వాటిలో తొర్ర పడేదాకా ఈ పురుగులు ఎక్కడ తలదాచుకోవాలి? ఈ ప్రశ్నకి మొక్కల లెక్కలో జవాబు లేదు.

పురుగుల ఇంటికి ఒక 'రెసిపీ'

మరి ఈలోగా ఏం చేయాలి? స్వీడన్‌లో ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. చదువుతుంటే మన వంటల పేజీయే గుర్తొస్తుంది.

కావలసినవి: ఓక్ చెక్కతో చేసిన పెట్టె, ఓక్ రంపపు పొట్టు, ఎండిన ఓక్ ఆకులు, ఎండుగడ్డి, లూసర్న్ అనే పశుగ్రాసం పొడి, తగినన్ని నీళ్ళు. కొన్ని పెట్టెల్లో అదనంగా కోడిపెంట, మరికొన్నిట్లో ఏకంగా ఒక చచ్చిన కోడి!

తయారు చేసే విధానం: అన్నీ కలిపి పెట్టెలో నింపాలి. తొర్ర నోరులాగా ఒక రంధ్రం ఉంచాలి. పెట్టెని చెట్టుకి బిగించి, మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టాలి.

ఇలాంటివి 48 పెట్టెలు, తొర్రలున్న పాత ఓక్ చెట్ల దగ్గర మొదలుపెట్టి 1800 మీటర్ల దూరం వరకు అక్కడక్కడా పెట్టారు. పాత చెక్కలో బతికే పెంకు పురుగులే వందకు పైగా జాతులు వచ్చి చేరాయి! అయితే పాత చెట్లకి దూరమయ్యేకొద్దీ తొర్రల్లో మాత్రమే బతికే జాతులు తగ్గిపోయాయి. కాబట్టి పెట్టె అసలు చెట్టుకి బదులు కాదు. పక్కిల్లు కాలిపోతే వాళ్ళని పదిరోజులు మన వరండాలో పడుకోబెడతామే, అలాంటి సాయం మాత్రమే.

అదే దేశంలో 2012 నుంచి ఇంకో పద్ధతి పరీక్షిస్తున్నారు. వయసులో ఉన్న ఓక్ చెట్లకి కావాలనే రంపంతో గాట్లు పెట్టి, వడ్రంగిపిట్ట పొడిచినట్టు రంధ్రాలు చేసి, తొర్ర త్వరగా పడేలా చూస్తున్నారు. ఉన్న ముసలి చెట్ల చుట్టూ కమ్ముకున్న కుర్ర చెట్లని తీసి ఎండ తగలనివ్వడం, పశువుల్ని మళ్ళీ మేతకి తోలడం, పడిపోయిన మొదళ్ళని పొయ్యిలోకి పంపకుండా అక్కడే ఉంచడం... ఇవన్నీ పెద్ద ఖర్చు లేని పనులే. అన్నిటికంటే ముఖ్యమైనది, ముసలివి పోయేలోగా నడివయసు చెట్లు అందిరావాలి. తరం మధ్యలో తెగిపోకూడదు.

ఇంతకీ మనకేమిటి లాభం?

ఇంత చదివాక కూడా "ఈ పురుగు పోతే కొంపలేమైనా మునుగుతాయా?" అని అడిగేవాళ్ళుంటారు. సూటిగా చెప్పాలంటే రేపు పొద్దున్నే మునిగేదేమీ లేదు. కానీ సన్యాసి పురుగు ఉన్న తొర్రలో అదొక్కటే ఉండదు. దాని పిల్లలు చెక్క తిని వేసే పెంట వల్ల తొర్ర పొడి సారవంతమై ఇంకెన్నో చిన్న ప్రాణులకి తిండి అవుతుంది. ఆ ప్రాణుల్ని నమ్ముకుని మరికొన్ని. ఇది ఎక్కడుంటే అక్కడ మరెన్నో అరుదైన పురుగులు ఉన్నాయని శాస్త్రవేత్తలు గుర్తుపడతారు. ఇది కనిపించకుండా పోయిందంటే మిగిలినవాటికీ మూడిందన్నమాటే. దీని ఒక్కదాని ఇల్లు కాపాడితే ఆ ఇంట్లో అద్దెకున్న వాళ్ళందరినీ కాపాడినట్టు.

ఇంట్లో పెద్దవాళ్ళు పనిచేయలేకపోతున్నారని మనం వాళ్ళని వదులుకుంటామా? వాళ్ళు అరుగు మీద కూర్చుని ఉంటే చాలు, పది మంది వచ్చి పలకరిస్తారు, పిల్లలు చుట్టూ చేరతారు, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ముసలి చెట్టూ అంతే. కాయ కాయకపోవచ్చు, కలపకి పనికిరాకపోవచ్చు. ఈసారి ఎక్కడైనా తొర్ర పడిన చెట్టు కనిపిస్తే "పనికిరానిది" అనే ముందు ఒక్కసారి ఆ తొర్రలోకి తొంగి చూడండి. సన్యాసి పురుగు మన దగ్గర ఉండదు గానీ, ఏ గుడ్లగూబో, చిలకల జంటో, తేనెపట్టో ఉండవచ్చు. మరీ దగ్గరగా మాత్రం వెళ్ళకండి. ఎవరిల్లయినా ఇల్లే కదా!